నెట్‌వర్క్ మార్చాలా, అన్నీ ఒకే పెద్ద కంపెనీలో ఉంచాలా: పదహారేళ్లు ఈ పనిలో ఉన్నవాడిగా నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇది. ఇంట్లో, ముఖ్యంగా పడకగదిలో సిగ్నల్ సరిగా ఉండటం లేదు, కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయి. ఏ నెట్‌వర్క్‌కి మారితే బాగుంటుందని ఆన్‌లైన్‌లో నాలుగు చోట్ల అడిగితే తలా ఒక మాట చెప్పారు. అదే చర్చలో ఎవరో "మెయిలు, ఫోటోలు, కాంటాక్టులు అన్నీ ఒకే పెద్ద కంపెనీ చేతిలో పెట్టావు, ముందు ఆ సంగతి చూసుకో" అనేసరికి మీకు కొత్త భయం పట్టుకుంది. ఎవరి మాట నమ్మాలి, ముందు ఏది మార్చాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. నెట్‌వర్క్ విషయంలో అభిప్రాయాలు చదవడం ఆపి, మీ గదిలోనే ఒక వారం కొలిచి చూసుకోండి. నచ్చకపోతే మారండి. నంబరు మీతోనే వస్తుంది, అదీ నచ్చకపోతే మళ్లీ మారొచ్చు. టెన్షన్ పడాల్సింది మీ మెయిల్ ఖాతా గురించి, అది ఒక్క ఫోను నంబరు మీద ఆధారపడి ఉండటం గురించి. నెట్‌వర్క్ నుంచి బయటికి రావడం కొద్ది రోజుల పని. మెయిల్ ఖాతా నుంచి బయటపడటం నెలల పని. కానీ జనం రోజుల తరబడి వాదించుకునేది మొదటిదాని గురించే. రెండోదాని గురించి ఆలోచించేది ఖాతా పోయాకే.

నేను పదహారేళ్లుగా మొబైల్ నెట్‌వర్క్‌ల మీద పనిచేస్తున్నాను. మొదటి ఆరేళ్లు డ్రైవ్ టెస్టులు చేశాను. కారు వెనక సీట్లో ల్యాప్‌టాప్, దానికి తగిలించిన నాలుగు ఫోన్లు, వీధి వీధీ తిరుగుతూ ఏ మలుపులో ఏ టవర్ ఎంత వినిపిస్తోందో రికార్డు చేయడం. తర్వాత కొన్నేళ్లు ఆప్టిమైజేషన్, అంటే టవర్ల అమరికను సరిదిద్దే పని. ఇప్పుడు కస్టమర్ల ఫిర్యాదుల్లో అసలు కారణం ఏమిటో వెతికే టీమ్‌లో ఉన్నాను. "ఈ నెట్‌వర్క్ చెత్త" అన్న మాట కొన్ని వేలసార్లు విని ఉంటాను. అలా అన్నవాళ్లలో అబద్ధం చెప్పినవాళ్లు దాదాపు లేరు. కానీ ఆ మాట వాళ్లు నిలబడిన చోటు దాటి వంద మీటర్ల అవతల పనికిరాదు. చాలాసార్లు పక్క గదిలో కూడా పనికిరాదు.

ఒక ఫిర్యాదు చెబుతాను. ఒకావిడ ఫోన్ చేసి, నాలుగు నెలల క్రితం వరకు ఇంట్లో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండేదని, మేమే టవర్ పవర్ తగ్గించేశామని గట్టిగా చెప్పారు. రికార్డుల్లో చూస్తే టవర్‌లో ఏ మార్పూ లేదు. వెళ్లి చూశాను. బాల్కనీలో మైనస్ 84 డీబీఎం ఉంది, చక్కటి సిగ్నల్. డీబీఎం అంటే సిగ్నల్ బలాన్ని చెప్పే అంకె, మైనస్ తర్వాత అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. లోపలికి వచ్చి అద్దాల తలుపు మూశాను. మైనస్ 107. తలుపు తీశాను, 85. మూశాను, 108. ఆవిడ నా పక్కనే నిలబడి స్క్రీన్ చూస్తున్నారు. "ఈ తలుపులు, కిటికీలు ఎప్పుడు మార్చారండీ?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నాలుగు నెలలైంది" అన్నారు.

ఎండ వేడి లోపలికి రాకుండా ఆపే అద్దాలవి. వాటికి కంటికి కనిపించనంత పల్చగా లోహపు పూత ఉంటుంది. వేడిని ఆపే ఆ పూతే రేడియో తరంగాలను కూడా ఆపుతుంది. డీబీ లెక్కలో 10 తగ్గితే బలం పదో వంతవుతుంది, 20 తగ్గితే నూరో వంతు. అక్కడ 23 తగ్గింది, అంటే బయటున్న సిగ్నల్‌లో రెండు వందల వంతుల్లో ఒక వంతు మాత్రమే లోపలికి వస్తోంది. ఆవిడ అప్పటికే రెండు మూడు చోట్ల ఆన్‌లైన్‌లో ఆ నెట్‌వర్క్ గురించి కోపంగా రాశారు. కింద బోలెడంత మంది "మాకూ అంతే" అన్నారు. వాళ్లలో ఎంతమంది ఇళ్లకు అలాంటి అద్దాలు ఉంటాయి? ఎవరి కారణాలు వాళ్లవి. కానీ అవన్నీ ఒక చోట చేరేసరికి చదివేవాడికి అది తీర్పులా కనిపిస్తుంది. ఆవిడ ఫోనులో వైఫై కాలింగ్, అంటే టవర్ బదులు ఇంటి వైఫై మీదుగా కాల్స్ వెళ్లే సౌకర్యం, ఆన్ చేయించాను, సమస్య అక్కడితో పోయింది. మీరు కూడా నెట్‌వర్క్ మార్చే ముందు వైఫై కాలింగ్ ఆన్ చేసి రెండు రోజులు చూడండి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ బాగుండి, మీ ఫోను, మీ నెట్‌వర్క్ రెండూ ఆ సౌకర్యం ఇస్తుంటే ఇక మారాల్సిన పనే ఉండకపోవచ్చు.

ఇంకో కారణం ఫోను. నా సహోద్యోగి తమ్ముడు వేరే దేశంలో ఫోను కొనుక్కుని వచ్చాడు. ఖరీదైనదే, కొత్తదే. బయట రోడ్డు మీద స్పీడు అదిరిపోయేది, ఇంటి లోపలికి రాగానే సిగ్నల్ పడిపోయేది. ఎవరిని అడిగినా నెట్‌వర్క్ మారమన్నారు. రెండుసార్లు మారాడు. చివరికి ఫోను నా దగ్గరికి తెస్తే మోడల్ నంబరు పట్టుకుని అది ఏయే బ్యాండ్లు, అంటే ఏయే ఫ్రీక్వెన్సీలు, పట్టుకుంటుందో చూశాను. ఇక్కడి నెట్‌వర్క్‌లు ఇళ్ల లోపలి కవరేజీకి వాడే తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండు ఆ ఫోనులో లేనే లేదు. ఫోన్ల కంపెనీలు ఒకే పేరుతో వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరు రేడియోలతో ఫోన్లు తయారు చేస్తాయి.

తక్కువ ఫ్రీక్వెన్సీ ఎందుకు ముఖ్యమంటే, 700, 800, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్తాయి, గోడల్లోంచి బాగా దూరతాయి. 2300, 2600, 3500 మెగాహెర్ట్జ్ వాటిలో ఎక్కువ డేటా పడుతుంది కానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసించిపోతాయి. 5జీలో 24 గిగాహెర్ట్జ్, ఆపైన వాడే మిల్లీమీటర్ వేవ్‌కైతే మన అరచెయ్యి అడ్డం పెట్టినా చాలు. అందుకే ఒకే కంపెనీ గురించి ఒకరు "సూపర్ స్పీడ్" అంటారు, ఇంకొకరు "ఇంట్లో కాల్ కూడా రాదు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు బ్యాండ్ల గురించి.

సిగ్నల్ గీతల సంగతి కూడా చెప్పాలి. గీతలను నమ్మకండి. ఎన్ని డీబీఎంలకు ఎన్ని గీతలు చూపించాలో ఫోన్లన్నిటికీ వర్తించే నియమం లేదు. 2010లో ఐఫోన్ 4 మీద పెద్ద రగడ జరిగింది గుర్తుందా? ఆ జూలైలో యాపిలే ఒక బహిరంగ లేఖ రాసి, గీతలు లెక్కించే తమ సూత్రం తప్పని, చాలా సందర్భాల్లో ఉండాల్సినదానికంటే రెండు గీతలు ఎక్కువ చూపిస్తోందని ఒప్పుకుంది. అంత పేరున్న ఫోనులోనే అలా జరిగింది. అంకె చూడండి. ఆండ్రాయిడ్‌లో సాధారణంగా సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ కనిపిస్తుంది. ఐఫోన్‌లో స్టార్ 3001 హ్యాష్ 12345 హ్యాష్ స్టార్ అని డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ స్క్రీన్ వస్తుంది. 4జీలో మైనస్ 80కి అటూ ఇటూ ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 100 అయితే పనులు నడుస్తాయి. 110 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 120 దగ్గర కాల్ నిలబడటం కష్టం.

అంకె బాగుండి కూడా నెట్ కదలకపోతే అది రద్దీ. సిగ్నల్ అంటే టవర్ మాట మీకు వినిపించడం. స్పీడంటే టవర్‌కి మీతో మాట్లాడే తీరిక ఉండటం. రెండూ వేరు. రాత్రి తొమ్మిదింటికి ఆ ప్రాంతంలో అందరూ వీడియోలు పెట్టుకుంటే ఆ టవర్ సామర్థ్యాన్ని అందరూ పంచుకోవాలి. కాబట్టి పొద్దున పదకొండింటికి తీసిన స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ ఎవరైనా పెడితే దానికి విలువ ఇవ్వకండి. సొంత టవర్లు లేకుండా పెద్ద కంపెనీ టవర్ల మీద నడిచే చిన్న బ్రాండ్ల విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపించవచ్చు. రద్దీ ఉన్నప్పుడు చాలాచోట్ల వాళ్ల కస్టమర్లను వెనక వరుసలో ఉంచుతారు. రద్దీ లేని చోట అదే చిన్న బ్రాండ్ మంచి బేరం.

కొలవడం ఎలాగంటే, మీ ఫోనులో ఈసిమ్ గానీ రెండో సిమ్ స్లాట్ గానీ ఉంటే, మీరు అనుకుంటున్న నెట్‌వర్క్‌ది ప్రీపెయిడ్ కనెక్షన్ ఒకటి తీసుకోండి. పాతదాన్ని కదపొద్దు. వారం రోజులు రెండూ పక్కపక్కన నడవనివ్వండి. పడకగదిలో మంచం పక్కన, వంటింట్లో, మీరు పనిచేసే చోట, రోజూ తిరిగే దారిలో అంకె రాసుకోండి. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడ్ చూడండి. డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, అప్‌లోడ్, పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) కూడా. వీడియో కాల్‌లో మన మాట అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంటే చాలాసార్లు దానికి కారణం అప్‌లోడ్ తగ్గడమే. వారం తర్వాత మీకు ఎవరి సలహా అక్కర్లేదు.

అయినా ఇతరుల అనుభవాలు చదవాలనిపిస్తే మూడు సంగతులున్నవే చదవండి: ఎక్కడ, ఎప్పుడు, ఏ ఫోను. ఆ మూడూ లేని పొగడ్తనీ తిట్టునీ ఒకేలా పక్కన పెట్టండి. కోపం వచ్చినవాడు వెంటనే రాస్తాడు. ఫోను పనిచేస్తున్నవాడికి రాయాల్సిన పని ఉండదు. కింద రెఫరల్ కోడ్ పెట్టినవాళ్ల మాట ఎంత తియ్యగా ఉన్నా వదిలేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఏ నెట్‌వర్కయినా ఒక రోజు పడిపోతుంది. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ మొత్తం ఆగిపోయింది. అన్నిటినీ కలిపే కోర్ నెట్‌వర్క్‌లో మెయింటెనెన్స్ అప్‌డేట్ వికటించి, కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. మొబైల్, ఇంటి ఇంటర్నెట్ రెండూ ఒకేసారి పోయాయి. దుకాణాల్లో డెబిట్ చెల్లింపులు ఆగాయి, అత్యవసర నంబరుకు కూడా చాలామంది కాల్స్ కలవలేదు. 2023 నవంబరు 8న ఆస్ట్రేలియాలో ఆప్టస్ నెట్‌వర్క్‌కి అదే జరిగింది. దాదాపు కోటి మంది కస్టమర్లకు రోజులో చాలాసేపు సేవలు లేవు, ఆ తర్వాత కొద్ది రోజులకే సీఈవో రాజీనామా చేశారు. ఆ రెండు రోజుల్లో నిలదొక్కుకున్నవాళ్లు ఎవరంటే, ఇంటి ఇంటర్నెట్ ఒక కంపెనీది, మొబైల్ మరో కంపెనీది పెట్టుకున్నవాళ్లు. రెండూ ఒకే చోట తీసుకుంటే డిస్కౌంట్ ఇస్తారు, నిజమే. నేను మాత్రం ఆ డిస్కౌంట్ వదులుకుని రెండూ విడివిడిగా పెట్టుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

నెట్‌వర్క్ కంపెనీని ఇంత తేలిగ్గా మార్చుకోగలుగుతున్నామంటే కారణం నంబర్ పోర్టబిలిటీ, అంటే నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు. అది కంపెనీలు ముచ్చటపడి ఇచ్చింది కాదు. 1997లో సింగపూర్‌తో మొదలై, నియంత్రణ సంస్థలు ఒక్కో దేశంలో నిబంధన పెట్టి ఇప్పించాయి. అమెరికాలో మొబైల్ కంపెనీలు ఏళ్ల తరబడి వాయిదా వేయించుకుంటూ వచ్చాయి, చివరికి 2003 నవంబరు 24న అమల్లోకి వచ్చింది. ఐరోపా సమాఖ్యలో 2009 నాటి నిబంధనల ప్రకారం ఒక్క పనిదినంలో పోర్టింగ్ పూర్తి చేయాలి. ఈ హక్కు వచ్చాక కంపెనీలు కస్టమర్‌ని చూసే తీరు మారడం నేను లోపలి నుంచి చూశాను. "పోర్ట్ అవుట్ రిక్వెస్ట్" అన్న మాట కనిపిస్తే ఆ ఫిర్యాదు మా టేబుల్ మీదికి అందరికంటే ముందు వస్తుంది.

మెయిల్ అడ్రసుకి పోర్టింగ్ లేదు. మీ అడ్రసులో అట్ గుర్తు తర్వాత ఉన్న పేరు ఆ కంపెనీది. అక్కడి నుంచి వెళ్లిపోతే అడ్రసు వదిలేసి వెళ్లాలి. బ్యాంకు, బీమా, పిల్లల స్కూలు, పాస్‌వర్డ్ రీసెట్లు అన్నీ ఆ అడ్రసుకే వస్తుంటాయి. ఇక ఆ ఖాతా తలుపు మీ ఫోను నంబరుతో తెరుచుకుంటుంది. ఆ నంబరు కూడా నిజానికి మీది కాదు. రీఛార్జ్ మానేస్తే కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.

నా స్నేహితుడికి జరిగింది వినండి. ఉద్యోగం మీద వేరే దేశం వెళ్లాడు, కొత్త నంబరు తీసుకున్నాడు, పాత సిమ్ సూట్‌కేసులో ఎక్కడో పడి ఉంది. ఏడాది గడిచింది. ఒక రోజు ల్యాప్‌టాప్ పాడై కొత్తది కొన్నాడు. మెయిల్‌లోకి వెళ్దామంటే "మీ నంబరుకు కోడ్ పంపాం" అని వచ్చింది. పాత నంబరుకు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తారు. మావాడు విషయం చెప్పి, "మీకు ఒక కోడ్ వచ్చి ఉంటుందండీ, కాస్త చదివి చెబుతారా?" అని బతిమాలాడు. అవతలాయన ఒక్క క్షణం ఆగి, "ఓటీపీ ఎవరికీ చెప్పకూడదండీ" అని పెట్టేశాడు. ఆయన చేసింది నూటికి నూరు శాతం సరైన పని. కంపెనీకి ఫారం నింపి పంపితే యంత్రం రాసిన జవాబు వచ్చేది, మళ్లీ నింపితే మళ్లీ అదే జవాబు. ఆరు వారాలు పట్టింది. ఖాతా తిరిగి వచ్చింది, కానీ ఆ ఆరు వారాలు కూతురు పుట్టినప్పటి ఫోటోలన్నీ పోయాయనే అనుకున్నారు భార్యాభర్తలిద్దరూ. ఆ రోజుల్లో అతని గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇది అరుదైన సంగతి అనుకోకండి. 2021లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికాలోని రెండు పెద్ద నెట్‌వర్క్‌లు కొత్త కస్టమర్లకు ఇస్తున్న 259 నంబర్లను పరిశీలిస్తే, వాటిలో 171 నంబర్లు పేరున్న వెబ్‌సైట్లలో అప్పటికే ఎవరివో ఖాతాలకు ముడిపడి ఉన్నాయి. దొంగల బెడద వేరే. మోసగాడు నెట్‌వర్క్ కంపెనీని బురిడీ కొట్టించి మీ నంబరును తన సిమ్‌లోకి తెచ్చుకుంటాడు, దాన్నే సిమ్ స్వాప్ అంటారు. 2019 ఆగస్టులో ట్విట్టర్ సీఈవోగా ఉన్న జాక్ డోర్సీ సొంత ట్విట్టర్ ఖాతాలోకే ఇలా చొరబడ్డారు.

పెద్ద కంపెనీలు మన నంబర్లు అడిగేటప్పుడు భద్రత కోసమే అంటాయి. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫేస్‌బుక్‌కి 500 కోట్ల డాలర్ల జరిమానా వేసినప్పుడు, భద్రత కోసం ఇచ్చిన నంబర్లను ప్రకటనలకు వాడుకోవడం కూడా ఆ ఆరోపణల్లో ఉంది. ఇదే పని చేసినందుకు 2022లో ట్విట్టర్ 15 కోట్ల డాలర్లు కట్టింది.

కాబట్టి మీరు ఈ వారాంతంలో చేయాల్సిన పని ఇది. మెయిల్ ఖాతా సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఎస్ఎంఎస్ కోడ్ బదులు ఆథెంటికేటర్ యాప్ (కోడ్లు తయారు చేసే యాప్) గానీ పాస్‌కీ (వేలిముద్రతోనో ఫోను లాక్‌తోనో లోపలికి వెళ్లే పద్ధతి) గానీ పెట్టండి. ఆథెంటికేటర్ యాప్‌కి సిగ్నల్ అక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఫోనులోని గడియారం, లోపల దాచిన ఒక రహస్య సంఖ్య, ఈ రెండింటితోనే కోడ్ తయారవుతుంది. ఫోను చేతిలో లేనప్పుడు వాడే బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి ఇంటి కాగితాలతో పాటు పెట్టండి. ఫోటో తీసి అదే ఖాతాలో దాచుకుంటే ఉపయోగం లేదు. ఇల్లు తాళం వేసి తాళంచెవి లోపలే వదిలేసినట్టు అవుతుంది. రికవరీకి వేరే కంపెనీ మెయిల్ అడ్రసు ఒకటి ఇవ్వండి. నంబరు ఎప్పుడు మార్చినా, పాత సిమ్ ఆగిపోకముందే ప్రతి ఖాతాలో నంబరు మార్చండి. మీ నెట్‌వర్క్, ఇంకెవరూ మీ నంబరును తరలించకుండా ఆపే పోర్ట్ అవుట్ పిన్ గానీ సిమ్ లాక్ గానీ ఇస్తుంటే అదీ పెట్టించుకోండి.

ఇప్పుడు, అన్నీ ఒకే పెద్ద కంపెనీలో ఉండటం తప్పా? మీకు భయం పెట్టినవాళ్ల మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. దొంగలను ఆపడంలో ఆ పెద్ద కంపెనీలే చాలా ముందున్నాయి. కోపంతో ఏదో చిన్న, ఎవరూ పట్టించుకోని సర్వీసుకి మెయిల్ మార్చేస్తే భద్రత తగ్గే ప్రమాదమే ఎక్కువ. నా మెయిల్ కూడా పెద్ద కంపెనీ సర్వర్లలోనే ఉంది. నేను చూసేది ఒక్కటే: రేపు వాళ్లు తలుపు మూస్తే నేను ఏం పట్టుకుని బయటికి రాగలను?

తలుపులు మూయడం కొత్తేమీ కాదు. గూగుల్ రీడర్ 2013 జూలైలో, ఆర్కుట్ 2014 సెప్టెంబరులో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడ్డాయి. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటులో పన్నెండేళ్ల పాటు జనం ఎక్కించిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో బయటపడింది. కంపెనీ మూయకపోయినా మన ఖాతా మూతపడొచ్చు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది. చనిపోయిన నాన్నగారి మెయిల్, ఆయన ఫోటోలు అలాగే ఉంటాయిలే అనుకునేవాళ్లు ఈ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి.

నేను చేసుకున్న ఏర్పాటు చెబుతాను. సొంత డొమైన్ పేరు, అంటే అట్ గుర్తు తర్వాత వచ్చే పేరు, కొనుక్కున్నాను. మెయిల్ అడ్రసు ఆ పేరు మీద ఉంటుంది, వెనక మెయిల్‌ని నడిపేది మాత్రం పెద్ద కంపెనీ. రేపు నచ్చకపోతే వేరే కంపెనీకి మారతాను, అడ్రసు మారదు. మెయిల్‌కి పోర్టింగ్ కావాలంటే సొంత డొమైనే మార్గం. దీనికో షరతుంది. డొమైన్ రెన్యువల్ మర్చిపోతే వేరేవాడు కొనుక్కుంటాడు, ఆ రోజు నుంచి మీ పాస్‌వర్డ్ రీసెట్లు వాడికి వెళ్తాయి. అందుకే ఒకేసారి వీలైనన్ని ఎక్కువ ఏళ్లకు కట్టేయాలి. డొమైన్ అమ్మిన కంపెనీలో మీ లాగిన్‌కి అదే డొమైన్ మెయిల్ ఇవ్వకూడదు. ఈ రెండూ గుర్తు పెట్టుకోలేమనుకుంటే డొమైన్ జోలికి పోకండి, ఉన్న ఖాతానే గట్టి చేసుకోండి.

ఫోటోలకు ఏడాదికి రెండుసార్లు మొత్తం డేటా డౌన్‌లోడ్ చేసి హార్డ్ డిస్క్‌లో పెడతాను. గూగుల్‌లో టేకౌట్ అనే సదుపాయం 2011 నుంచి ఉంది, మిగతా పెద్ద కంపెనీలూ ఇలాంటివి ఇస్తున్నాయి. 2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో 20వ అధికరణం దీన్ని హక్కుగా రాసింది. డౌన్‌లోడ్ చేయగానే పనైపోలేదు, తెరిచి చూడాలి. ఒక సర్వీసు నుంచి నేను తెచ్చుకున్న ఫోల్డర్‌లో ఫోటోలు ఉన్నాయి కానీ తీసిన తేదీలన్నీ పక్కన విడి ఫైళ్లలో ఉన్నాయి. కంప్యూటర్‌లో చూస్తే పదేళ్ల ఫోటోలన్నీ డౌన్‌లోడ్ చేసిన రోజునే తీసినట్టు వరసగా నిలబడ్డాయి. వాటిని కలపడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ ఖాతా చేజారిపోయాక తెలిసి ఉంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉండేది.

మీరు అడగకపోయినా ఆన్‌లైన్ గుంపుల గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలనుంది, ఎందుకంటే బయటికి దారి అన్నిటికంటే ఇరుకు అక్కడే. డేటా తెచ్చుకోవచ్చు, మనుషుల్ని తెచ్చుకోలేం.

కొన్నేళ్ల పాటు డ్రైవ్ టెస్ట్ ఇంజినీర్లం ఒక ఉచిత గ్రూపు సర్వీసులో మాట్లాడుకునేవాళ్లం. ఏ పరికరంలో ఏ లోపం వస్తే ఏం చేయాలో, ఏ యాంటెన్నాను ఎంత వంచితే ఏమవుతుందో, పుస్తకాల్లో లేని సంగతులన్నీ అక్కడ ఉండేవి. నేను పనిలో చేరిన కొత్తలో అర్ధరాత్రి ఒక ప్రశ్న అడిగితే, ముఖం కూడా తెలియని ఒక పెద్దాయన మూడు పేజీల జవాబు రాశారు. నా పని నాకు అర్థమైంది ఆ రాత్రే. ఆ సర్వీసును కంపెనీ మూసేసింది. నోటీసు వచ్చింది కానీ చాలామంది ఆ మెయిలే చూడలేదు. అదృష్టవశాత్తూ ఒకాయన సభ్యుల మెయిల్ అడ్రసులు దాచి ఉంచడంతో మళ్లీ కొంతమంది కలిశాం. ఆ మూడు పేజీల జవాబు మాత్రం దొరకలేదు. నేను దాచుకోలేదు.

2010లో లింకులు పంచుకుని చర్చించుకునే డిగ్ తన సైటును ఒక్కసారిగా మార్చేస్తే జనం అలాంటిదే అయిన రెడిట్‌కి తరలిపోయారు. 2023 జూన్‌లో అదే రెడిట్, బయటి యాప్‌ల దగ్గర భారీగా డబ్బు వసూలు చేస్తామంటే వేల గుంపులు నిరసనగా మూతపడ్డాయి. కంపెనీ వెనక్కి తగ్గలేదు, రెడిట్ చదవడానికి వాడే అపోలో లాంటి బయటి యాప్‌లు ఆగిపోయాయి. ఆ గుంపుల్ని ఏళ్లుగా నడిపింది జీతం లేని వాలంటీర్లు. వాళ్ల మాట చెల్లలేదు. ప్రశ్నలు, జవాబుల సైటు యాహూ ఆన్సర్స్ 2021 మేలో పోయింది. దీనికి భిన్నంగా ప్రోగ్రామర్ల ప్రశ్నల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో సభ్యులు రాసినవి స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంటాయి. ఆ షరతులు పాటిస్తే ఎవరైనా కాపీ చేసుకుని మరో చోట పెట్టుకోవచ్చు. చేరే ముందు ఈ సంగతి చూసుకుంటే మంచిది.

అందుకే ఇప్పుడు ఎక్కడ పెద్ద జవాబు రాసినా ముందు నా కంప్యూటర్‌లో రాసి, తర్వాత అక్కడ అతికిస్తాను. ఎవరైనా మంచి జవాబు రాస్తే ఆ రోజే నా ఫైల్‌లోకి ఎత్తి, రాసినవారి పేరుతో సహా దాచుకుంటాను. నాకు నిజంగా పనికొచ్చిన పదిమందితో ఆ సైటుతో సంబంధం లేకుండా మెయిల్‌లో పరిచయం ఉంచుకుంటాను.

మీ పడకగది సంగతికి మళ్లీ వస్తే, ముందు మూడు అంకెలు రాయండి: కిటికీ దగ్గర ఎంత, మంచం దగ్గర ఎంత, కిటికీ తెరిచాక మంచం దగ్గర ఎంత. వాటితో పాటు ఫోను మోడల్ నంబరు, ఫీల్డ్ టెస్ట్‌లో కనిపించే బ్యాండ్ నంబరు పెట్టండి. కిటికీ తెరవగానే పది పదిహేను మెరుగైతే తప్పు మీ నెట్‌వర్క్‌ది కాదు. మెరుగవకపోతే, రెండో సిమ్ పెట్టి వారం కొలిచాక ఆ అంకెలు కూడా ఇక్కడే రాయండి. చూసి ఏం చేయాలో చెబుతాను.